పచ్చ చీటీ, పైపు పొగాకు డబ్బా

ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా రాసి ఇమ్మని కార్యదర్శి గారు రెండు నెలల నుంచి అడుగుతున్నారు. డి.ఏ. కేసుల చరిత్ర, పే కమిషన్ల చరిత్ర నాకంటే బాగా చెప్పగలవారు మన సంఘంలో పదిమంది ఉన్నారు. నాకు తెలిసింది తపాలా కౌంటరు, పార్సిళ్లు. 1971లో గుమాస్తాగా చేరి 2009లో దిగిపోయేదాకా ఎక్కువ కాలం అక్కడే గడిచింది. కనుక విదేశాల నుంచి తపాలాలో వచ్చే పైపు పొగాకు మీద సుంకం కథ రాస్తున్నాను. ఇదేం విషయమయ్యా అని నవ్వుకునేవారు ఉంటారు. నవ్వుకోండి. నేను చుట్ట, బీడీ, సిగరెట్టు ఏదీ ఎరగనివాణ్ణి. అయినా నా బీరువాలో ఒక ఖాళీ పైపు పొగాకు డబ్బా నలభై ఏళ్లకు పైగా ఉంది. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే నేను చేసిన ఒక పొరపాటు ఒప్పుకోవాలి.

1978 ఎండాకాలం. హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మాష్టారు రిటైరై మా ఊళ్లోనే ఉండేవారు. ప్రతి నెలా మనియార్డరు కట్టడానికి వచ్చేవారు. ఆయనకు పైపు అలవాటు. ఒక రోజు కౌంటరు దగ్గర నిలబడి, "ఏమోయ్, మా వాడు ఇంగ్లండు నుంచి పైపు పొగాకు పంపిస్తానంటున్నాడు. పన్నేమైనా పడుతుందా?" అని అడిగారు. నేను తల ఎత్తకుండానే, "కన్న కొడుకు పంపే కానుకకు పన్నేమిటండీ మాష్టారూ, ఏమీ పడదు" అన్నాను. నా వెనక షెల్ఫులో రూలు పుస్తకం ఉంది. లేచి చూస్తే అయిదు నిమిషాల పని. చూడలేదు.

ఆశ్వయుజంలో పార్సిలు వచ్చింది. రెండు డబ్బాలు. మద్రాసు విదేశీ తపాలా కార్యాలయంలో కస్టమ్స్ వారు కట్టిన విలువ ముప్పై రెండు రూపాయలు, వేసిన సుంకం యాభై ఒక్క రూపాయల చిల్లర. ఆ సుంకం వసూలు చేసుకుని పార్సిలు ఇవ్వవలసింది మేమే. మాష్టారి పెన్షన్ అప్పటికి రెండు వందల లోపు. కౌంటరుకు ఇవతల నేను, అవతల ఆయన. ఆయన కోప్పడలేదు. జేబులోంచి తీసి లెక్కపెట్టి కట్టారు. ఆఖరి పది రూపాయలకు ఇంటికి వెళ్లి మళ్లీ వచ్చారు. వెళ్తూ, "ఏ లెక్కన వేశారో తెలుసుకుని చెప్పు" అన్నారు. అంతే. ఆ ఒక్క మాటకు నేను చాలా పుస్తకాలు తిరగేయవలసి వచ్చింది.

తిరగేస్తే తెలిసిందేమంటే, పొగాకు మీద పన్ను దాదాపు పొగాకు ప్రచారమైనంత పాతది. 1604లో ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ పొగాకును తిడుతూ ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. తిట్టి ఊరుకోలేదు. అదే సంవత్సరం పౌనుకు రెండు పెన్నీలున్న దిగుమతి సుంకాన్ని ఆరు షిల్లింగుల పది పెన్నీలు చేశాడు. పాత ఇంగ్లీషు లెక్కలో షిల్లింగుకు పన్నెండు పెన్నీలు కాబట్టి అది ఎనభై రెండు పెన్నీలు, అంటే ఒక్క దెబ్బతో 41 రెట్లు. ఫలితం ఏమవుతుందో మన సర్వీసులో ఎవరికైనా తెలుసు. సరుకు దొడ్డిదారిన వచ్చింది, తర్వాత సుంకం తగ్గించుకోవలసి వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో అసద్ బేగ్ అనే ఉద్యోగి బిజాపూరు నుంచి పొగాకు, రత్నాలు పొదిగిన గొట్టం తెచ్చి అక్బరు పాదుషాకు కానుకగా సమర్పించాడు. పాదుషా రెండు దమ్ములు లాగాడు, వైద్యులు వద్దని వారించారు. 1617లో జహంగీరు పొగాకు తాగరాదని హుకుం జారీ చేశాడు. మొగలు దర్బారుకు పొగాకు వచ్చింది కూడా కానుకగానే అన్నమాట. దానికి మాత్రం సుంకం పడినట్టు లేదు.

ఇంగ్లండులో ఈ పన్ను గొడవ అక్కడితో పోలేదు. 1733లో వాల్‌పోల్ ప్రధానిగా ఉండగా పొగాకు, వైన్ల మీద రేవులో వసూలు చేసే సుంకానికి బదులు, సరుకును గిడ్డంగిలో సర్కారు తాళం కింద పెట్టించి, బయటికి తీసినప్పుడు ఎక్సైజు వసూలు చేద్దామన్నాడు. దొంగ రవాణా అరికట్టడానికి అది మంచి ఉపాయమే. కాని ఎక్సైజు జవాన్లు ఇళ్లలోకీ దుకాణాల్లోకీ చొరబడతారని జనం వీధుల్లో పడ్డారు, బిల్లు వెనక్కి తీసుకున్నాడు. వాల్‌పోల్ అక్కడ చేయలేకపోయిన పని రెండు వందల పదేళ్ల తర్వాత మన గుంటూరు రైతు మీద జరిగింది. ఆ సంగతికి వస్తాను.

మన ప్రాంతంలో పొగాకు కొత్తది కాదు. గోదావరి లంకల పొగాకుతో చుట్టిన చుట్టలు దొరల దేశానికి వెళ్లి ఎంత పేరు తెచ్చుకున్నాయంటే, 1890లో వచ్చిన కానన్ డాయిల్ నవలలో షెర్లాక్ హోమ్స్ బూడిద చూసి చుట్ట ఏదో పోల్చే సందర్భంలో మన లంక చుట్ట ప్రసక్తి ఉంది. కాని వర్జీనియా రకం కథ వేరు. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడింది. 1920 ప్రాంతంలో గుంటూరు జిల్లా నల్లరేగడి నేలల్లో వర్జీనియా సాగు మొదలైంది. ఆ దశాబ్దంలోనే ఆకు కాల్చే బ్యారన్లు లేచాయి. చీరాల, గుంటూరు పేర్లు లండన్ వర్తకుల చిట్టాల్లోకి ఎక్కాయి.

దీని వెనక నేల సత్తువ ఎంత ఉందో సుంకం సత్తువ కూడా అంత ఉంది. 1919లో బ్రిటిషు పార్లమెంటు సామ్రాజ్య దేశాల పొగాకు మీద దిగుమతి సుంకంలో ఆరో వంతు రాయితీ ఇచ్చింది. 1925లో చర్చిల్ ఆర్థికమంత్రిగా దాన్ని నాలుగో వంతు చేశాడు. అమెరికా ఆకు మీద రూపాయి పడేచోట గుంటూరు ఆకు మీద ముప్పావలా పడుతుందన్నమాట. చౌక రకం పైపు మిశ్రమాలు తయారుచేసేవారికి ఇంతకంటే ఏం కావాలి? ఆనాటి బడ్జెట్ ఉపన్యాసం ఒకటి మన పల్లెల్లో మట్టి మిద్దెలను పెంకుటిళ్లు చేసిందంటే అతిశయోక్తి కాదు. మా మాష్టారి చదువు కూడా అలా వచ్చినదే. వాళ్ల అన్నగారు వర్జీనియా వేసి ఆ డబ్బుతో తమ్ముణ్ణి బి.ఏ. దాకా చదివించారు. ఈ సంగతి నేను పార్సిలు వచ్చాకనే తెలుసుకున్నాను.

ఇంగ్లండు సంగతి మరొక్కటి చెప్పి వదిలేస్తాను, మనకు పనికొచ్చేది కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వాళ్ల దగ్గర డాలర్లు నిండుకున్నాయి. అమెరికా పొగాకు వాడకం తగ్గించడానికి 1947 బడ్జెట్‌లో డాల్టన్ సుంకం విపరీతంగా పెంచాడు. ఇరవై సిగరెట్ల పెట్టె రెండు షిల్లింగుల నాలుగు పెన్నీల నుంచి మూడు షిల్లింగుల నాలుగు పెన్నీలకు పోయింది. దాంతో పెన్షనర్లు గగ్గోలు పెట్టారు. పెడితే, పొగతాగే అలవాటున్న ముసలివారికి వారానికి ఇంత అని పొగాకు టోకెన్లు ఇచ్చారు! ఆ టోకెన్లు 1958 దాకా నడిచి, పెన్షన్ పెంచినప్పుడు రద్దయ్యాయి. మన సంఘం తరఫున ఇన్నేళ్లుగా ఇన్ని మహజర్లు పెట్టాం కదా, పెన్షనరుకు చుట్ట భత్యం అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇక మన ఎక్సైజు. 1943 ఏప్రిల్ నుంచి, యుద్ధం ఖర్చుల కోసం, తెల్లవారి ప్రభుత్వం పొగాకు మీద ఎక్సైజు వేసింది. మరుసటి ఏడు దాన్ని ఉప్పు వగైరాలతో కలిపి 1944 కేంద్ర ఎక్సైజు చట్టం చేశారు. ఫ్యాక్టరీలో తయారైన సిగరెట్టు మీద పన్ను సరే, పొలంలో పండి ఎండిన ఆకు మీద కూడా పన్నే. ఎంత నాటావు, ఎంత ఎండింది, ఎక్కడ నిలవ పెట్టావు, ఎవరికి అమ్మావు, అన్నీ లెక్క చెప్పాలి. పన్ను కట్టకుండా, పర్మిట్ లేకుండా ఆకు కదలడానికి వీల్లేదు. వాల్‌పోల్ గిడ్డంగి, సర్కారు తాళం అచ్చంగా అవే. పైగా రేటు ఆకును బట్టి కాక అది ఏ వాడకానికి పోతుందన్నదాన్ని బట్టి కూడా మారేది. సిగరెట్టుకైతే ఒకటి, బీడీకి ఒకటి, హుక్కాకు ఇంకొకటి. పొలంలో ఉన్న ఆకు రేపు ఎవరి నోట్లో కాలుతుందో రైతుకేం తెలుసు, ఇన్‌స్పెక్టరుకు మాత్రం ఏం తెలుసు? ఈ పేచీలతో ఫైళ్లు పెరిగాయి, కమిటీలు వేశారు. ఎక్సైజులో పనిచేసిన మన సభ్యులకు ఇది తెలిసిన పురాణమే.

మాష్టారి అన్నగారికి ఇదొక పీడకల. తూకంలో తేడా వచ్చిందని ఒకసారి నోటీసు అందుకుని మూడు రోజులు అన్నం మానేశారట. వానకు ఆకు తడిస్తే బరువు మారుతుందని వాదించడానికి ఆయనకు ఇంగ్లీషు రాదు. అర్జీ రాసింది తమ్ముడైన మాష్టారే.

ఇంతకూ మాష్టారు అడిగిన ప్రశ్న, ఏ లెక్కన వేశారని. తపాలాలో వచ్చే సరుకు పద్ధతి ఓడలో వచ్చే సరుకు పద్ధతికి కొంచెం భిన్నం. రేవుకు సరుకు తెప్పించుకునే వ్యాపారి బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి, ఏజెంటును పెట్టుకోవాలి. తపాలా పార్సిలుకు అవేవీ అక్కర్లేదు. పంపేవాడు అతికించే చిన్న పచ్చ చీటీ, పెద్ద పార్సిలైతే దాంతో పాటు డిక్లరేషన్ ఫారం, అదే బిల్ ఆఫ్ ఎంట్రీ కింద లెక్కయ్యేది. 1878 నాటి సీ కస్టమ్స్ చట్టం స్థానంలో వచ్చిన 1962 కస్టమ్స్ చట్టంలో 82వ సెక్షను ఈ మాటే చెప్పేది. ఏం సరుకు, ఎంత బరువు, ఎంత విలువ అనే మూడూ అందులో ఉండాలి. నా సర్వీసులో ఆ పచ్చ చీటీ మీద ఎన్ని రకాల రాతలు చూశానో! కెమెరాకు "ఆటవస్తువు" అని, చేతి గడియారానికి "వాడిన బట్టలు" అని రాసిన మహానుభావులు ఉన్నారు. మాష్టారి అబ్బాయి మాత్రం తండ్రి బిడ్డే. "పైపు పొగాకు, రెండు డబ్బాలు, కానుక" అని విలువతో సహా ఉన్నదున్నట్టు రాశాడు. కానుక అని రాసినంత మాత్రాన సుంకం పోదు. కానుకలకు కాలానుగుణంగా మినహాయింపులు ఇచ్చారు, తీశారు, కాని చీటీ మీద ఆ మాట ఉంటే చాలుననుకోవడం నా అజ్ఞానం.

ఇంకొక చిత్రం 83వ సెక్షనులో ఉంది. సుంకం రేటు పంపిన రోజుది కాదు, డెలివరీ రోజుదీ కాదు. తపాలావారు ఆ సరుకుల జాబితాను కస్టమ్స్ అధికారి ముందు పెట్టిన రోజున ఏ రేటు ఉంటే అది. జాబితా ముందే పెట్టేసి ఓడ వెనక వస్తే, ఓడ వచ్చిన రోజు రేటు. పార్సిలు నడిసముద్రంలో ఉండగా ఢిల్లీలో బడ్జెట్ ప్రవేశపెడితే దాని తలరాత మారిపోతుంది. పంపినవాడికీ తెలియదు, అందుకునేవాడికీ తెలియదు.

రేటు కూడా ఒకటి కాదు, రెండు. మొదటిది మామూలు దిగుమతి సుంకం. రెండోది 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం మూడో సెక్షను కింద వేసే అదనపు సుంకం. అదే సరుకు మన దేశంలో తయారై ఉంటే ఎంత ఎక్సైజు పడేదో అంత. ఇక్కడి తయారీదారుకు అన్యాయం జరగకూడదని దాని ఉద్దేశం. ఇదంతా ఒక ఫుల్‌స్కేప్ కాగితం మీద చక్కగా రాసుకుని, లెక్క వేసుకుని, 1979 జనవరిలో ఒక సాయంత్రం మాష్టారి ఇంటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నారు. పైపు ఖాళీగా చేతిలో ఉంది. రెండో డబ్బా ఇంకా విప్పలేదని చెప్పారు.

కాగితం తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నారు. నా లెక్కకు వచ్చిన మొత్తం ఆయన కట్టినదానికంటే ఏడు రూపాయల పైచిలుకు తక్కువ ఉంది. నేను అది గమనించి కూడా, "ఎక్కడో చిన్న తేడా ఉంటుందండి, వాళ్లే పొరపాటు చేసి ఉంటారు" అన్నాను. మాష్టారు మాట్లాడలేదు. లోపలికి వెళ్లి ఎర్ర పెన్సిలు తెచ్చారు. పది నిమిషాలు గుణించారు. "రెండో రేటును నువ్వు ముప్పై రెండు రూపాయల మీద వేశావు. ముప్పై రెండుకు మొదటి సుంకం కలిపి, ఆ మొత్తం మీద వేసి చూడు" అన్నారు. వేస్తే పైసలతో సహా సరిపోయింది. ఆయన చట్టం చదవలేదు. జవాబు తెలిసిన లెక్కను వెనక్కి నడిపించారు, అంతే. మద్రాసు ఆఫీసువారి తప్పేమీ లేదు. పన్ను మీద పన్ను అనే సూత్రం నాకు తెలియదు.

తర్వాత పైపు నింపుకుంటూ అన్నారు. "మా అన్న ఆకు పండించి ఇక్కడ పర్మిట్ల చుట్టూ తిరిగాడు. అది లండన్ వెళ్తే అక్కడ సుంకం. డబ్బాలో కూర్చుని నా దగ్గరికి తిరిగొస్తే మళ్లీ రెండు సుంకాలు. ఇందులో మా పొలం ఆకు ఉందో లేదో గాని, ఉంటే మాత్రం నాకంటే అదే ఎక్కువ పన్ను కట్టింది." నిజానికి ఇంగ్లండులో తయారై ఎగుమతి అయ్యే పొగాకుకు అక్కడ కట్టిన సుంకం డ్రాబ్యాక్‌గా వాపసు ఇచ్చే పద్ధతి చాలా పాతది. మరుసటి వారం ఆ సంగతి తెలుసుకుని వెళ్లి చెప్పాను. "అయితే నా వాక్యంలో ఒకటి కొట్టేయి" అన్నారు.

ఆ ఫిబ్రవరి ఆఖరున చరణ్ సింగ్ ప్రవేశపెట్టిన 1979 బడ్జెట్‌లో తయారుకాని పొగాకు మీద, అంటే రైతు ఆకు మీద, ఎక్సైజు ఎత్తేశారు. ముప్పై ఆరేళ్ల పర్మిట్లు ఒక్క రోజుతో పోయాయి. రేడియోలో విన్న వెంటనే మాష్టారి ఇంటికి వెళ్లాను. ఆయన అప్పటికే విన్నారు. అన్నగారు పోయి నాలుగేళ్లయింది.

అప్పటి నుంచి రేట్లు ఎన్నో మారాయి. 1991–92లో 150 శాతం దాకా ఉన్న గరిష్ఠ దిగుమతి సుంకం, వ్యవసాయేతర సరుకుల మీద 2007–08 నాటికి 10 శాతానికి దిగింది. పొగాకు మీద మాత్రం ఆ కరుణ చూపలేదు. చూపకపోవడమే మంచిదని మా అబ్బాయి, డాక్టరు, అంటాడు. నేను కాదనను. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు పైపులకూ సిగరెట్లకూ వాడే పొగాకు మిశ్రమం మీద 28 శాతం పన్ను, దానిపై 290 శాతం పరిహార సెస్సు పెట్టారు. మాష్టారి పద్ధతిలోనే వేసి చూడండి. వంద రూపాయల డబ్బాకు 30 శాతం దిగుమతి సుంకం కలిపితే 130. దాని మీద 28 శాతం 36 రూపాయల 40 పైసలు, 290 శాతం 377 రూపాయలు. చిన్నాచితకా సర్‌ఛార్జీలు కలపకుండానే వందకు 443 రూపాయల 40 పైసల పన్ను. ఆ రేట్లు కూడా తర్వాత మారాయి, కనుక దీన్ని నమ్ముకుని ఎవరూ పిల్లలకు ఆర్డరు పెట్టకండి. 82వ సెక్షను కూడా 2017లోనే తీసేశారు. కానుకల పేరిట వ్యాపారం జరుగుతోందని 2019 డిసెంబరులో రాఖీలు, ప్రాణాధార మందులు తప్ప తపాలాలో, కొరియరులో పూర్తి సుంకం కట్టకుండా కానుకల దిగుమతి ఆపేశారు. విమానంలో వచ్చేవారు సుంకం లేకుండా వెంట తెచ్చుకోగల పొగాకును 2014లో 250 గ్రాముల నుంచి 125 గ్రాములకు తగ్గించారు.

మాష్టారు ఆ తర్వాత కొడుకు చేత పొగాకు తెప్పించుకోలేదు. వద్దని ఉత్తరం రాశారని వాళ్లావిడ చెప్పారు. రెండో డబ్బాను చాలా పొదుపుగా, పండగలకూ పబ్బాలకూ మాత్రమే విప్పుతూ, 1983లో పోయేదాకా లాక్కొచ్చారు. కర్మకాండలయ్యాక ఆమె ఆ డబ్బా నా చేతిలో పెట్టి, "నీకిమ్మన్నారు" అన్నారు. మూత తీస్తే పొగాకు లేదు. మడత పెట్టిన నా ఫుల్‌స్కేప్ కాగితం, దాని మీద ఎర్ర పెన్సిలు గీతలు ఉన్నాయి. అడుగున, చిన్నప్పుడు మా నోటు పుస్తకాల మీద వేసినట్టే, పదికి ఏడు మార్కులు వేసి ఉన్నారు.